దేశప్రగతి - దాని కొలమానం

గణాంకాలను గురించి తెలుగు అధ్యాపకులు వ్యాసం వ్రాయడమేమిటని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. దానికి సమాధానం మన భాషలోనే ఉన్నది. ఒక మనిషిని పట్టించుకోనప్పుడు తెలుగువారు "అతనిని లెక్కలోకి తీసుకోలేదు" అంటారు. ఉర్దూ మాట్లాడేవారు అదే భావంతో "కిస్ గిన్తీ మే హై" అంటారు. లెక్కించడాన్నీ, గౌరవించడాన్నీ ఈ రెండు భాషలూ ఒకే మాటతో చెప్పాయి. లెక్కకు రాని మనిషి పాలకుల ఆలోచనకు కూడా రాడన్న సత్యం ఆ నుడికారంలో ఇమిడి ఉన్నది. ఒక దేశం సుస్థిరాభివృద్ధి వైపు ఎంత దూరం నడిచిందో జాతీయ గణాంకాల ద్వారా ఎట్లు తెలుసుకుంటారో, ఆ అంకెలను చదివేటప్పుడు మనం వేయవలసిన ప్రశ్నలేవో భారతదేశాన్నే ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

లెక్కలు - పాలన

రాజ్యానికి లెక్కలు అవసరమన్న ఎరుక మన దేశానికి కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గోపుడనే ఉద్యోగి కనిపిస్తాడు. తన అధీనంలోని గ్రామాలలో ఇండ్లెన్ని, మనుష్యులెందరు, వారి వృత్తులేమిటి, ఆదాయవ్యయాలెంత అన్నది వ్రాసి ఉంచడం అతని పని. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రచించిన ఆయినె అక్బరీలో సుబాల వారీగా రాబడి, పంటలు, ధాన్యపు ధరలు, కూలిరేట్లు నమోదై ఉన్నాయి. అయితే ఆ లెక్కల ముఖ్యోద్దేశం పన్ను వసూలు. ప్రజ ఎంత ఇవ్వగలదన్నదే ప్రశ్న; ప్రజ ఎట్లు బ్రతుకుతున్నదన్నది కాదు.

ఈ ప్రశ్నను తలక్రిందులు చేసిన మహనీయుడు దాదాభాయి నౌరోజీ. ఆంగ్ల ప్రభుత్వం వారి లెక్కలనే ఆధారంగా తీసుకొని, 1867-68 ప్రాంతంలో భారతీయుని సగటు ఆదాయం సాలుకు ఇరవై రూపాయలు మాత్రమేనని ఆయన నిరూపించారు. పాలకుల చేతిలోని అంకెలను పాలితుల పక్షాన నిలబెట్టి ప్రశ్నించడం అప్పటినుండి మనకు అలవడింది. గణాంకశాస్త్రం ఏలికల సొత్తు మాత్రమే కాదనీ, పేదవాని చేతిలో అది అర్జీ కాగలదనీ విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

క్రమంగా ఈ కృషికి సంస్థల బలం చేకూరింది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారత గణాంకసంస్థను స్థాపించారు. 1949లో ఆయన అధ్యక్షతన జాతీయాదాయ సంఘం ఏర్పడింది. 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమయింది. దేశంలోని ప్రతి ఇంటికీ వెళ్ళకుండా, శాస్త్రీయంగా ఎన్నుకొన్న కొన్ని ఇండ్లను పరిశీలించి దేశమంతటి స్థితిని అంచనా వేసే ఈ పద్ధతి ప్రపంచ దేశాల మన్నన పొందింది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టిచూస్తే చాలునన్న మన గృహిణుల జ్ఞానానికి ఇది శాస్త్రరూపం. అయితే ఆ మెతుకును ఏ మూలనుండి తీయాలన్నదే గణాంకశాస్త్రంలోని కిటుకు. ఆ సంస్థలోనే దశాబ్దాల పాటు పనిచేసి జగత్ప్రసిద్ధి గాంచిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన, 2023లో తమ 102వ యేట అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారాన్ని అందుకొని అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు.

ఆదాయం చెప్పనిది

దేశంలో ఒక సంవత్సరకాలంలో ఉత్పత్తి అయిన వస్తుసేవల మొత్తం విలువను స్థూల దేశీయోత్పత్తి అంటారు. చాలాకాలం ఈ ఒక్క అంకెతోనే దేశాల ప్రగతిని కొలిచారు. ఈ లెక్కకు పునాదులు వేసిన సైమన్ కుజ్‌నెట్స్ 1934లోనే, జాతీయాదాయాన్ని బట్టి జాతి సంక్షేమాన్ని నిర్ణయించడం సరికాదని అమెరికా శాసనకర్తలకు హెచ్చరిక చేశారు. ఆ హెచ్చరికను లోకం మరచిపోయింది.

రెండు ఉదాహరణలతో ఈ లోపాన్ని గ్రహించవచ్చు. ఒక రైతు బోరు ఎండిపోయింది. అప్పు తెచ్చి మరింత లోతుకు వేరొక బోరు వేయించాడు. రిగ్గు బాడుగ, పైపులు, మోటారు, కరెంటు - ఇవన్నీ ఉత్పత్తి లెక్కలో కూడుతాయి. భూమిలో తరిగిన నీరు మాత్రం ఎక్కడా తీసివేతగా కనిపించదు. అనగా రైతుకు జరిగిన నష్టం దేశానికి లాభంగా నమోదవుతున్నది. 2023 నాటి భూగర్భజల మదింపు ప్రకారం, దేశంలో ఏటా తోడుకోదగిన నీటిలో సుమారు 59 శాతం తోడుతున్నారు. పంజాబులో ఇది 160 శాతాన్ని మించింది. అక్కడ పండిన ప్రతి ధాన్యపు బస్తాలోనూ రేపటి తరం వారి నీరు కొంత ఉన్నది. పంట ఆదాయమే, నీరు మూలధనం. మూలధనాన్ని తినివేస్తూ ఆదాయం పెరిగిందని సంతోషించే దుకాణదారుని ఏమంటామో విద్యార్థులే చెప్పగలరు.

రెండవది ఇంటిలోని మాట. తెల్లవారుజామున లేచి వంట, పాచిపని, బట్టలు, నీళ్ళు, పిల్లలు, ముసలివారు - వీటన్నిటినీ చూచుకొనే తల్లి శ్రమకు స్థూలోత్పత్తిలో స్థానం లేదు. 2019లో జరిగిన కాలవినియోగ సర్వే ఈ శ్రమను నిమిషాలలో కొలిచింది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు దినానికి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో అదే సర్వే మరల జరిగినప్పుడు స్త్రీలకు 289, పురుషులకు 88 వచ్చింది. ఐదేండ్లలో స్త్రీల భారం పది నిమిషాలు తగ్గితే పురుషుల సాయం కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. కొలవనంతకాలం ఈ శ్రమ అందరికీ తెలిసినా ఎవరికీ పట్టని విషయంగా మిగిలిపోయింది.

సుస్థిరాభివృద్ధి - లక్ష్యాలు

1987లో నార్వే ప్రధాని బ్రంట్‌లాండ్ అధ్యక్షతన వెలువడిన ఐక్యరాజ్యసమితి సంఘం నివేదిక సుస్థిరాభివృద్ధి భావనను లోకానికి పరిచయం చేసింది. రాబోయే తరాలవారు తమ అవసరాలు తీర్చుకొనే శక్తికి భంగం కలిగించకుండా నేటి తరం తన అవసరాలు తీర్చుకోవడమే దాని సారాంశం. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హఖ్, కేంబ్రిడ్జిలో తమ సహాధ్యాయి అయిన అమర్త్యసేన్ సహకారంతో మానవాభివృద్ధి సూచికను రూపొందించారు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం - ఈ మూడింటినీ కలిపి దేశాలను తూచే త్రాసు అది. మొత్తం ఉత్పత్తిలో ప్రపంచంలోని పెద్ద దేశాల సరసన నిలిచిన మన దేశం, 2023 సంవత్సరానికి ఈ త్రాసులో 193 దేశాలలో 130వ స్థానంలో ఉన్నది.

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 193న్నూ 2030 నాటికి సాధించవలసిన 17 లక్ష్యాలను, 169 ఉపలక్ష్యాలను అంగీకరించాయి. దారిద్ర్య నిర్మూలన, ఆకలి నివారణ, ఆరోగ్యం, విద్య, స్త్రీపురుష సమానత్వం, నీరు, శక్తి, ఉపాధి, వాతావరణం మొదలైనవన్నీ అందులో ఉన్నాయి. ఎవరినీ వెనుక వదలివేయరాదన్నది వాటి మూలసూత్రం. ఉపలక్ష్యం సిద్ధించిందో లేదో చెప్పే అంకెను సూచిక అంటారు. జ్వరం తగ్గిందని వైద్యుడు నోటితో చెబితే చాలదు, థర్మామీటరు చూపాలి. సూచిక అటువంటిది.

భారతదేశానికి తగినట్లుగా కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2018లో 306 సూచికలతో జాతీయ సూచికా పట్టికను సిద్ధపరచింది. జనగణన, జనన మరణాల నమూనా నమోదు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, జాతీయ నమూనా సర్వే, ఆయా శాఖల కార్యాలయ రికార్డులు - వీటినుండి ఆ సూచికలకు అంకెలు వస్తాయి. నీతి ఆయోగ్ వీటిలో కొన్నింటిని ఎన్నుకొని, రాష్ట్రాలకు నూటికి మార్కులు వేస్తూ 2018 నుండి నివేదికలు ప్రకటిస్తున్నది.

ఈ అంకెలలో సంతోషించదగినవి ఎన్నో ఉన్నాయి. లక్ష ప్రసవాలకు మాతృమరణాలు 2014-16లో 130 కాగా, 2018-20 నాటికి 97కు దిగాయి. 2030 నాటికి చేరవలసిన గమ్యం 70 లోపు. ఆదాయం ఒక్కటే కాక పోషణ, చదువు, ఇల్లు, వంటచెరకు వంటి లోట్లను చూచే బహుముఖ దారిద్ర్యం 2015-16లో 24.85 శాతం ఉండగా 2019-21లో 14.96 శాతానికి తగ్గింది. వీటిని చూచి సంతోషించడం మన ధర్మం. కాని చదువుకొన్నవారు సంతోషంతోపాటు కొన్ని ప్రశ్నలు కూడా వేయాలి. మా దృష్టిలో అవి నాలుగు.

మొదటి ప్రశ్న: ఎవరి సగటు?

సగటు అనేది ఒక తెర. మాతృమరణాలలో దేశపు సగటు 97 అని చెప్పుకున్నాము. అదే సంవత్సరాలలో కేరళలో 19, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, అస్సాంలో 195. ఒకే దేశంలో బిడ్డను కనబోయే తల్లికి ప్రాణభయం ఒకచోటికీ వేరొకచోటికీ పదిరెట్లు తేడా ఉన్నది. తెర తీసినప్పుడే అస్సాం తల్లి కనిపించింది.

మన కళాశాల వంటి విద్యాసంస్థలకు దగ్గరగా ఉన్న ఉదాహరణ మరొకటి చెబుతాము. మతం వారీగా అక్షరాస్యతను 2001 జనగణనతోనే మొదటిసారి ప్రకటించారు. దేశంలో అక్షరాస్యత 64.8 శాతం కాగా ముస్లింలలో 59.1 శాతం. 2005లో ప్రభుత్వం నియమించిన జస్టిస్ రాజీందర్ సచార్ సంఘం ఇటువంటి అంకెలను కూర్చి, 2006 నవంబరులో నివేదిక సమర్పించింది. అంతవరకు ఊహలతో, నిష్ఠూరాలతో సాగిన చర్చకు ఆ నివేదికతో ఆధారం దొరికింది. అయితే అదే జనగణనలో నాటి ఆంధ్రప్రదేశ్ లెక్క వేరుగా ఉన్నది. రాష్ట్ర అక్షరాస్యత 60.5 శాతం కాగా, ఇక్కడి ముస్లింలలో అది 68 శాతం. ఇక్కడి ముస్లింలలో పట్టణవాసులు ఎక్కువ కావడం దీనికి ముఖ్యకారణం. కావున అంకె మన ఫిర్యాదుకు అనుకూలించినప్పుడు ఒక విధంగా, అనుకూలించనప్పుడు వేరొక విధంగా చదవరాదు. తెర తీస్తే కనిపించిన దానినల్లా చూడగలిగే ధైర్యం ఉండాలి.

రెండవ ప్రశ్న: ఏ నిర్వచనం?

2023 అటవీ నివేదిక ప్రకారం దేశ భూభాగంలో 21.76 శాతం అడవి. ఆ నివేదికలో ఒక హెక్టారు, అంతకు మించిన స్థలంలో వృక్షాల గొడుగు పది శాతం ఉన్నట్లయితే, అది ఎవరిదైనా, అక్కడ ఏ చెట్లు ఉన్నా, అడవిగానే లెక్క. ఆ నిర్వచనం ప్రకారం మామిడితోట, కొబ్బరితోట కూడా అడవిలో చేరుతాయి. ఇందులో దాపరికం లేదు. నిర్వచనాన్ని నివేదికలోనే ముద్రించారు. కాని అంకెను మాత్రమే చదివినవారికి పులి తిరిగే అడవికీ, కాయలు కోసే తోటకూ భేదం తెలియదు.

మూడవ ప్రశ్న: ఎవరు, ఎట్లు లెక్కించారు?

గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన నుండి విముక్తమైనట్లు 2019 అక్టోబరు 2న ప్రకటించారు. అది కట్టిన మరుగుదొడ్ల రికార్డులపై ఆధారపడిన ప్రకటన. 2019-21లో ఇంటింటికీ వెళ్ళి అడిగిన ఐదవ కుటుంబ ఆరోగ్య సర్వేలో, నగరాలూ పల్లెలూ కలిపి దేశంలో 19 శాతం కుటుంబాలు ఇంకను ఏ మరుగుదొడ్డినీ వాడుకోవడం లేదని తేలింది. నాలుగవ సర్వేలో ఇది 39 శాతం. అనగా ప్రగతి గొప్పదే. ప్రకటన మాత్రం దానికంటె ముందు పరుగెత్తింది. కట్టినవాని లెక్క వేరు, వాడుకొనేవాని లెక్క వేరు.

నీతి ఆయోగ్ మార్కులలోనూ ఈ జాగ్రత్త అవసరం. 2018లో దేశానికి 57 మార్కులు రాగా 2023-24లో 71 వచ్చాయి. మొదటి నివేదికలో సూచికలు 62. చివరి దానిలో 113. ప్రశ్నపత్రం మారినప్పుడు రెండు పరీక్షల మార్కులను ప్రక్కప్రక్కన పెట్టి ఇంత పెరిగామని చెప్పడం ఎంతవరకు సబబో పరీక్షలు వ్రాసే విద్యార్థులకు వివరించనక్కరలేదు. పైగా ఒక సబ్జెక్టులో వచ్చిన మంచి మార్కులు మరొక దానిలోని వైఫల్యాన్ని మొత్తంలో కప్పివేస్తాయి. మొత్తం పెరుగుతున్న ఆ కాలంలోనే 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత, కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 53.1 శాతం నుండి 57 శాతానికి పెరిగింది. వ్రేలికొన నుండి రక్తం తీసి పరీక్షించే పద్ధతిపై నిపుణులలో భిన్నాభిప్రాయాలున్న మాట నిజమే. అయినను సగానికి పైగా స్త్రీలు రక్తహీనులన్న అంకెను మొత్తం మార్కుల వెనుక దాచి ముందుకు సాగరాదు.

నాలుగవ ప్రశ్న: ఎప్పటి లెక్క?

1881 నుండి పదేండ్లకొకసారి తప్పక జరుగుతూ వచ్చిన జనగణన, 2021లో మహమ్మారి కారణంగా వాయిదాపడింది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకొని జరుపుతామని 2025 జూన్‌లో ప్రభుత్వం గెజెట్ ప్రకటన చేసింది. ఈ ఆలస్యం పుస్తకాల మాట కాదు. 2013 ఆహారభద్రతా చట్టం క్రింద ఎందరికి చౌకధాన్యం ఇవ్వాలన్నది 2011 జనాభాను బట్టి నిర్ణయమయింది. ఆ తరువాత పెరిగిన జనాభాకు ఆ పరిమితిలో చోటు లేదు. నమూనా సర్వేలు కూడా తమ నమూనాను ఎన్నుకోవడానికి చాలావరకు జనగణన జాబితాలపై ఆధారపడతాయి. కావున జాబితా పాతబడినప్పుడు, ఇటీవల వెలసిన బస్తీలు, వలసవచ్చిన కుటుంబాలు సర్వే కంటికి కూడా అందకుండా పోయే ప్రమాదం ఉన్నది. ఎవరినీ వెనుక వదలివేయరాదన్న సూత్రం ఇక్కడ దెబ్బతింటుంది. ఎవరు వెనుకబడ్డారో ముందు తెలియాలి కదా.

మన కళాశాల - మన లెక్క

దేశం సంగతి ఇంతగా చర్చించి మన ఇంటిని చూచుకోకపోవడం న్యాయం కాదు. ప్రతి వార్షిక సంచికలోను ఉత్తీర్ణతా శాతాన్ని సగర్వంగా ప్రకటించుకోవడం కళాశాలలన్నిటికీ ఆచారం. ఒక లెక్క వేద్దాము. మొదటి సంవత్సరంలో నూరుగురు చేరారనుకొందాము. చివరి పరీక్షకు అరువదిమంది కూర్చున్నారు. అందులో యాభైనలుగురు ఉత్తీర్ణులయ్యారు. ఉత్తీర్ణత 90 శాతం! చేరిన నూరుగురిని లెక్కించినట్లయితే 54 శాతం. రెండు అంకెలూ సత్యమే. మొదటి దానిలో మాత్రం నలుబదిమంది అదృశ్యులయ్యారు.

వారెవరో అధ్యాపకులమైన మాకు తెలుసు. తండ్రి మంచం పట్టగా దుకాణంలో కుదిరిన పిల్లవాడు, గల్ఫు వీసా కోసం చదువు మానిన పిల్లవాడు, పెండ్లి కుదిరి హాజరుపట్టీనుండి పేరు కొట్టివేయబడిన అమ్మాయి. మేము ఆ పేర్ల మీద ఎర్రసిరాతో గీత గీసినవారమే. గీత గీసేటప్పుడు కారణం వ్రాసే అలవాటు మాకు లేకపోయింది. ఈ తప్పులో మాకూ భాగమున్నది.

కావున కళాశాల కమిటీవారికి సవినయంగా ఒక మనవి. మధ్యలో చదువు మానినవారికి ఒక ప్రత్యేక రిజిస్టరు తెరిపించండి. పేరు పైకి చెప్పనక్కరలేదు. ఏ తరగతి, ఏ నెల, బాలుడా బాలికా, ఉర్దూ మాధ్యమమా తెలుగు మాధ్యమమా, కారణమేమి - ఈ ఐదు గడులు చాలును. మూడేండ్లు శ్రద్ధగా నింపితే, ఫీజు రాయితీ ఎవరికి అవసరమో, బాలికలకు బస్సు పాసు కావాలో వసతిగృహం కావాలో, ఏ నెలలో ఏ ఇంటి తలుపు తట్టాలో ఆ రిజిస్టరే చెబుతుంది. అటుపిమ్మట సంచికలో రెండు శాతాలనూ ప్రక్కప్రక్కన ప్రకటించుకొందాము. చిన్న అంకెను ప్రకటించడానికి సిగ్గుపడనక్కరలేదు. దానిని ఏటేటా పెంచుకొనిపోవడమే ప్రగతి.

విద్యార్థులకు ఒక మాట. జనగణనను ఉర్దూలో మర్దుమ్‌షుమారీ అంటారు. మనుష్యులను ఎంచడమని అర్థం. ఎన్యూమరేటరు మీ వీధికి వచ్చినప్పుడు భయంతో తలుపు వేసుకొనేవారు, చదువు మానిన పిల్లను చదువుతున్నదని చెప్పేవారు, ఇంటిలో కుట్టుపని చేసే తల్లికి పని లేదని వ్రాయించేవారు మన బస్తీలలో ఉన్నారు. మీరు ఆ తలుపు దగ్గర నిలబడండి. ప్రశ్నను పెద్దలకు వివరించండి. ఉన్నది ఉన్నట్లు వ్రాయించండి. మీ అమ్మగారు మిషను కుడుతున్నట్లయితే ఆ గడిలో ఆ పనిని నమోదు చేయించండి. ఆమెను దేశం లెక్కలోకి తీసుకొనడానికి అది మొదటి మెట్టు.